సొంత వాక్యం

ఇన్‌స్పెక్టరు గడ్డం గీసుకుంటుండగా పెరటి వైపు నుంచి గొణుగుడు వినిపించింది.

"హి లీవ్స్... హి లెఫ్ట్... హి హాజ్ లెఫ్ట్..."

భార్య గొంతే. తీగ మీద బట్టలు ఆరేస్తూ తనలో తను అనుకుంటోంది. రేజరు చెంప మీదే ఆగిపోయింది. అతనికొచ్చిన ఇంగ్లిషు ఆఫీసు ఆర్డర్లు చదువుకోవడానికీ, తప్పు చేసినవాళ్ళ మీద రిపోర్టు రాయడానికీ సరిపోయేంత. అయినా ఆ మూడు ముక్కలూ అర్థం కాకపోలేదు. వెళ్తాడు, వెళ్ళాడు, వెళ్ళిపోయాడు. ఎవడు? ఎక్కడికి?

"ఏమిటే అంటున్నావు?" అని నురగ మొహంతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం లేదండీ, ఏదో పాట" అంది ఆమె, దుప్పటి మూలలు సర్దుతూ. సర్దిన మూలనే మళ్ళీ సర్దింది.

అతనిది సిటీ బస్సులెక్కి టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇన్నేళ్ళలో అతను బాగా నేర్చుకున్నది ఒక్కటే: టికెట్టు లేనివాడు నీ మొహం చూడడు, కిటికీలోంచి బయటికి చూస్తాడు. భార్య ఇప్పుడు దుప్పటి వంక అచ్చం అలాగే చూస్తోంది.

ఆ రోజు నుంచి అతని మనసు మనసులో లేదు. అనుమానం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఆమె కళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. వచ్చినవాళ్ళని వరసగా కూర్చోబెట్టి, కళ్ళల్లో చుక్కలు వేసి, పిలిచినప్పుడు లోపలికి పంపడం. సాయంత్రం వెలుతురుండగానే ఇల్లు చేరే మనిషి, ఈ మధ్య వీధి దీపాలు వెలిగాక వస్తోంది. అడిగితే "డాక్టరుగారు లేటు చేశారండీ" అంటుంది. సరే అనుకున్నాడు. కానీ ఒక సాయంత్రం డ్యూటీ మీద అటు పోయే బస్సులో ఉండగా డాక్టరు గది ముందు షట్టరు దించి ఉండటం కళ్ళారా చూశాడు. ఆ రోజు కూడా ఆమె ఆలస్యంగానే వచ్చింది. ఆ రోజు కూడా అదే జవాబు చెప్పింది.

కూతురు కూడా మునుపటిలా లేదు. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయి. పుస్తకం పట్టుకోవాల్సిన పిల్ల, వంటింట్లో తల్లి పక్కన చేరి గుసగుసలాడుతోంది. అతని చెప్పుల చప్పుడు వినపడగానే ఇద్దరూ టక్కున ఆగిపోతారు. కూతురు గిన్నెల మూతలు తీసి చూస్తుంది. తల్లి వెలుగుతున్న పొయ్యినే మళ్ళీ వెలిగిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆదివారం మధ్యాహ్నం విన్నది ఒక ఎత్తు. అతను కునుకు తీస్తున్నాడనుకుని ఆమె వసారాలో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. ఆగి ఆగి, ఒక్కో మాటా తూచినట్టు అంది.

"షి సెడ్... దట్ షి వాంటెడ్... టు లీవ్ ద హౌస్."

ఇల్లు వదిలి వెళ్ళిపోవాలని ఉందని చెప్పింది. అవతలి వాళ్ళేమన్నారో ఏమో, ఆమె చిన్నగా నవ్వి, "థాంక్యూ, రేపు కలుస్తాను" అని పెట్టేసింది.

లేచి నిలదీద్దామనుకున్నాడు. కానీ చేతిలో ఆధారం లేకుండా ఎవరినీ దించకూడదన్నది అతని ఉద్యోగ ధర్మం. కళ్ళు మూసుకుని అలాగే పడుకున్నాడు.

మర్నాడు ఆమె డాక్టరు గది నుంచి బయటికి రావడం ఎదురుగా ఉన్న బస్టాపులోంచి చూశాడు. ఇంటి దారి పట్టలేదు. చెంగు సవరించుకుని, మార్కెట్టు వెనక సందులోకి తిరిగి, బట్టల ఇస్త్రీ దుకాణం పక్కన మెట్లెక్కి మాయమైపోయింది. యూనిఫాం ఒంటి మీదే ఉంది, భుజాన సంచీ వేలాడుతోంది, అయినా వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళాడు. పైన తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె గొంతు. ఆగలేక తలుపు తోసేశాడు.

గది నిండా జనం. బెంచీల మీద పదో తరగతి పిల్లలు, వాళ్ళ మధ్యలో ఇద్దరు కుట్టుపని ఆడవాళ్ళు, ఒక లారీ డ్రైవరు, మోకాళ్ళ మీద కండువా వేసుకున్న ఒక పెద్దాయన. బోర్డు పక్కన కుర్చీలో నెరిసిన జుట్టు టీచరమ్మ. ఆవిడ ముందు నిలబడి, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, అతని భార్య ఒక పాఠం పైకి చదువుతోంది. ఒక ముసలి పడవవాడి కథ. ఏటికి అడ్డంగా ఏదో...

అతన్ని చూడగానే ఆమె మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరు కావాలి?" అంది టీచరమ్మ.

యూనిఫాం చూసి, అలవాటు కొద్దీ లారీ డ్రైవరు జేబు తడుముకున్నాడు. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"చదవండమ్మా, ఆపేశారేం?" అంది టీచరమ్మ. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, భర్త పక్కనుంచే, అతన్ని తాకకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను ఇంటికి వచ్చేసరికి ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆమె ఇంకో వంకాయ అందుకుంది.

"నిన్నే అడుగుతున్నది! షట్టరేసిన డాక్టరు లేటు చేశాడని అబద్ధం ఎందుకాడావు? ఊరంతా తిరిగి నేను వెతుక్కోవాలా?"

"అమ్మని ఏమీ అనకండి" అంటూ కూతురు గదిలోంచి వచ్చేసింది. "తప్పు నాది. అర్ధసంవత్సరం పరీక్షలో నాకు ఇంగ్లిషు పోయింది. స్కూల్లో అమ్మని పిలిచి, ఇంట్లో ఎవరైనా దగ్గర కూర్చుని చదివించండి అన్నారు. అమ్మకి అక్షరాలు తప్ప రావు. అవీ డాక్టరుగారి గోడ మీద చార్టు చూసి నేర్చుకున్నవే. నన్ను చదివించడానికని ఆ ట్యూషన్లో చేరింది. అంతా చూసి టీచరమ్మగారే, నువ్వూ ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాసెయ్యమ్మా అన్నారు. నాతో పాటు అమ్మ కూడా రాస్తోంది."

"మంచి పనే కదా! నాకు చెబితే నేను వద్దంటానా?"

"వద్దనరు నాన్నా. అడుగుతారు." కూతురు తల్లి పక్కకి జరిగింది. "రోజూ అడుగుతారు. ఎన్ని పాఠాలయ్యాయి, ఏదీ ఒకటి చెప్పు, అని నిలబెట్టి చూస్తారు. మీరలా చూస్తే నాకు వచ్చింది కూడా పోతుంది. అందుకే నేనే చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

అతను తెల్లబోయాడు. అయినా మెట్టు దిగలేదు. "సరే, మరి నిన్న ఫోనులో? ఇల్లు వదిలిపోవాలని ఉందని ఎవరికి చెప్పావు? అది కూడా పాఠమేనా?"

కూతురు ఒక్క క్షణం అయోమయంగా చూసి, ఫక్కున నవ్వేసింది. "అయ్యో నాన్నా! అది రిపోర్టెడ్ స్పీచ్! ఒకరన్న మాటని ఇంకొకరికి చెప్పేటప్పుడు ఎలా మార్చాలో, ఆ లెక్క. టీచరమ్మగారు ఫోనులో అప్పజెప్పించుకుంటారు. పుస్తకంలో అలాంటివి బోలెడు!"

ఇన్‌స్పెక్టరు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వబోయాడు కూడా. అప్పుడు భార్య కత్తిపీట మీంచి తలెత్తింది. ఆమె నవ్వడం లేదు.

"అది పుస్తకంలోది కాదు" అంది.

కూతురి నవ్వు ఆగిపోయింది.

"సొంత వాక్యం చెప్పమంది టీచరమ్మ. ఎంత ఆలోచించినా నాకదే వచ్చింది." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వెళ్ళిపోతానని కాదు. ఎక్కడికి పోతాను? కానీ వచ్చింది మాత్రం అదే. నేను నిజం చెప్పినా మీరు వెనక్కి తిప్పి చూస్తారండీ, టికెట్టు మీద తేదీ చూసినట్టు. నా ఇంట్లో నేను దొంగ ప్రయాణం చేస్తున్నట్టుంటుంది. ఆ గదిలో అలా ఉండేది కాదు. తప్పు చదివినా, మళ్ళీ చదవమనేవాళ్ళు. ఇవాళ అక్కడికీ వచ్చేశారు."

చెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూరగాయల మీదికి వంగింది. "ఇంక నేను వెళ్ళను. పరీక్షా రాయను. మీరు స్థిమితంగా ఉండండి."

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా తీసెయ్యడానికి వీల్లేదు. సంచీ కొక్కేనికి తగిలించి, వసారాలో చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం ఇన్‌స్పెక్టరు మామూలు చొక్కా వేసుకుని ఇస్త్రీ దుకాణం పక్క మెట్లెక్కాడు. ఈసారి తలుపు తట్టాడు.

"ఇవాళ కూడా తనిఖీయేనా?" అంది టీచరమ్మ. బెంచీలన్నీ గొల్లుమన్నాయి.

"కాదండీ. మా ఆవిడ రానంది. నావల్లే." అందరూ వింటున్నారని తెలుసు, చెవులు మండుతున్నాయి. "ఇవాళ్టి పాఠం నాకు చెబితే ఇంటికి తీసుకెళ్తాను."

"కూర్చోండయితే. ఇక్కడ నిలబడి చూసేవాళ్ళకి చోటు లేదు."

లారీ డ్రైవరు పక్కకి జరిగాడు. ఆ రోజు పాఠం క్వశ్చన్ ట్యాగులు. మన భాషలో చివర్న 'కదూ' అంటామే, అది. చెప్పిన మాట అవునంటే తోక కాదనాలి, మాట కాదంటే తోక అవుననాలి. అర్థమైందనే అనుకున్నాడు. అంతలో టీచరమ్మ సూటిగా అతని వైపే తిరిగింది. "ఏదీ, మీరొకటి చెప్పండి. సొంతంగా."

గదంతా అతన్నే చూస్తోంది. వచ్చిన రెండు ముక్కలూ ఎటు పోయాయో తెలియలేదు. తన ముందు జేబులు వెతుక్కునే వాళ్ళ మొహాలు వరసగా గుర్తొచ్చాయి. వాళ్ళలో టికెట్టు ఉన్నవాళ్ళే ఎక్కువమంది.

"ఇంట్లో చెప్తానండీ" అన్నాడు మెల్లగా. టీచరమ్మ రెట్టించలేదు.

ఇంటికొచ్చి, తల్లీకూతుళ్ళున్న బల్ల దగ్గర తనూ కుర్చీ లాక్కున్నాడు. ఎవరూ పలకరించలేదు. బోర్డు మీద రాసినవి గుర్తున్నంత వరకూ అప్పజెప్పాడు. రెండు చోట్ల తప్పాడు. కూతురు దిద్దింది. భార్య మాత్రం బల్ల మీది గీతలు చూస్తూ ఊరుకుంది.

"అక్కడ నన్నూ సొంత వాక్యం చెప్పమన్నారు. నోరు పెగల్లేదు" అన్నాడు. "ఇప్పుడు చెప్తాను. తప్పయితే చెప్పు."

ఒక్కో మాటా పేర్చుకుంటూ అన్నాడు. "యూ ఆర్ నాట్ లీవింగ్... ఆర్ యూ?"

నువ్వు వెళ్ళిపోవట్లేదు, కదూ? కూతురు అమ్మ మొహం వంక చూసింది. ఆమె బల్ల మీది గీతని వేలితో చివరిదాకా దిద్దింది. అతనూ రెట్టించలేదు. ఎదురు చూశాడు, అంతే.

"నో" అంది ఆమె చివరికి. "ఐ యామ్ నాట్." అన్నదో లేదో పెదవి బిగబట్టుకుంది, అయినా కన్నీళ్ళు ఆగలేదు. "కానీ పరీక్షకి మాత్రం వెళ్తాను" అంది, ఏడుపులోనే.

"తోక సరిగ్గానే పెట్టారు నాన్నా" అంది కూతురు, ముక్కు చీదుకుంటూ.

ఇంగ్లిషు పరీక్ష రోజున ఇద్దరికీ వేరువేరు గదులు పడ్డాయి. సెలవు పెట్టి, రోడ్డు అవతల కొట్టు నీడలో నిలబడ్డాడు ఇన్‌స్పెక్టరు. గంట కొట్టగానే కూతురు స్నేహితురాళ్ళతో గలగలా మాట్లాడుకుంటూ వచ్చి, చెయ్యి ఊపి ముందుకు పోయింది. అందరూ వెళ్ళాక ఆమె వచ్చింది. వేళ్ళకి సిరా మరకలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందా, నిద్ర లేకనా, చెప్పడం కష్టం.

అతని నాలుక చివర ప్రశ్నలు తోసుకుంటున్నాయి. ప్యాసేజీ వచ్చిందా? అన్నీ రాశావా? టైము చాలిందా? ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ఆమె చేతిలోంచి పరీక్ష అట్ట, నీళ్ళ సీసా అందుకున్నాడు. నడుద్దామా అన్నట్టు తలాడించాడు. ఇద్దరూ నడిచారు. ఆమె ఒకసారి పక్కకి తిరిగి అతన్ని చూసింది. అడుగుతాడేమోనని చూసింది. అతను రోడ్డు చూసుకుంటూ నడుస్తున్నాడు.

సందు మలుపు తిరిగాక, ఎవరూ అడక్కుండానే, ఆమే చెప్పడం మొదలుపెట్టింది.