కోపానికి మార్కులు వేసే స్టీరింగ్

స్టీరింగ్ మధ్యలో ఉన్న చిన్న తెర మీద అంకె అరవై రెండుకు చేరగానే కారు దానంతటదే ఎడమ పక్కకు ఒదిగి ఆగిపోయింది. వెనక నుంచి వచ్చిన కొబ్బరిబోండాల బండి తాపీగా దాన్ని దాటుకుని వెళ్లింది.

"ఏటమ్మా ఇది? ఆ ఆటోవాడు అడ్డంగా దూరితే వాణ్ణి వదిలేసి నన్ను ఆపుతుందేటి?" అన్నాడు సింహాద్రి.

వెనక సీట్లో ట్యాబ్ పట్టుకుని కూర్చున్న డాక్టర్ మృణాళిని నవ్వు ఆపుకుంది. "ఆటోని చూడటం దాని పని కాదు సింహాద్రి గారూ. మిమ్మల్ని చూడటమే దాని పని."

ఆ యంత్రం పేరు శాంతం. 2043లో విశాఖపట్నంలోని ఒక పరిశోధనా కేంద్రంలో మృణాళిని దాన్ని తయారుచేసింది. కోపం వస్తే మనిషి పట్టు బిగుస్తుంది, నాడి పరుగెడుతుంది, అరచెయ్యి వేడెక్కుతుంది. స్టీరింగ్ చుట్టూ అమర్చిన సెన్సర్లు ఈ మూడూ గమనించి నూటికి మార్కులేస్తాయి. ఇరవై దాటితే కారు నలభై కిలోమీటర్లకు మించి పోదు. నలభై దాటితే ఇరవైకి మించదు. అరవై దాటిందా, పక్కకు తీసి ఆగిపోతుంది.

"నాకు కోపం కాదమ్మా, భయమేసింది."

"భయమైతే చేతులు చల్లబడతాయి. మీ చేతులు ఇప్పుడు పెనంలా ఉన్నాయి."

పరీక్షకు సింహాద్రిని ఎంచుకోవడంలో పొరపాటేమీ లేదు. అతనికి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ముహూర్తాల వేళ ఊరంతా తిరగాలి. రోడ్డు మీద తనకంటే నెమ్మదిగా పోయేవాడు మొద్దు, తనకంటే జోరుగా పోయేవాడు పొగరుబోతు అని అతని లెక్క. ఆ ఏడాది నగరంలో అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు అతని మీదే వచ్చాయి. ఆరునెలలు శాంతం బిగించుకుంటే లైసెన్సు రద్దు చేయబోమంటే ఒప్పుకున్నాడు.

మొదటి వారం పదకొండు కిలోమీటర్లు పోవడానికి గంటన్నర పట్టింది. పక్కన నడిచిపోతున్న ఒక ముసలాయన కిటికీలోకి వంగి, "బండి చెడిపోయిందా బాబూ, తొయ్యమంటావా?" అని ప్రేమగా అడిగాడు. దాంతో ఇంకో ఎనిమిది మార్కులు పెరిగాయి.

కానీ ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు కదా. పెళ్లిపందిరికి కుర్చీలు అందక రెండుచోట్ల మాట పడ్డాక సింహాద్రి దారికొచ్చాడు. బుగ్గన లవంగం పెట్టుకున్నాడు. వేళ్లు వదులు చేసుకోవడం నేర్చుకున్నాడు. ఎవరైనా అడ్డంగా వస్తే, "పాపం, ఏం తొందరో!" అనుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పళ్లు బిగించి అనేవాడు. నాలుగో నెలకి నిజంగానే అన్నాడు. ఆరోనెల చివర అతని సగటు పదమూడు మార్కులు.

"ఈయనే మారాడంటే ఎవరైనా మారతారు," అని మృణాళిని నివేదిక రాసింది. ఏడాది తిరగకుండా నగరంలోని బస్సులకు, కార్లకు, ఆటోలకు, స్కూటర్లకు కూడా శాంతం తప్పనిసరైంది.

ఊరికి ఊరే మారిపోయింది. హారన్లు మూగబోయాయి. ఆసుపత్రుల్లో ఎముకల వార్డుల్లో మంచాలు ఖాళీ అయ్యాయి. ఆ ఉత్సాహంలో మృణాళిని ఇంకో చిన్న మార్పు చేసింది. ఎదుటివాడికి దారి ఇస్తే అయిదు మార్కులు తగ్గుతాయి, స్టీరింగ్ సన్నగా గంట కొడుతుంది. జనానికి ఆ గంట మహా నచ్చింది. ఎవరికి పడితే వాళ్లకు దారి ఇవ్వడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో సింహాద్రి కూతురు లిఖితకు నర్సు ఉద్యోగం పరీక్ష వచ్చింది. కిందటిసారి రెండు మార్కుల్లో పోయింది. ఈసారి ఏడాదంతా కూర్చుని చదివింది. పదింటికి గేటు మూసేస్తారు. సింహాద్రి, భార్య నూకరత్నం ఎనిమిదిన్నరకే కూతుర్ని కారెక్కించుకుని బయల్దేరారు.

తొమ్మిదింటికి ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఆగారు. ఆ పూట అక్కడ సిగ్నల్ పనిచెయ్యడం లేదు. ఎదురుగా బస్సు, కుడివైపు పాలవ్యాను, ఎడమవైపు ఎవరో లెక్చరరుగారి కారు. బస్సు డ్రైవరు నవ్వి, వెళ్లమని వ్యానుకి చెయ్యి ఊపాడు. వ్యాను నడిపే ఆవిడ లెక్చరరుకి ఊపింది. లెక్చరరు సింహాద్రికి ఊపాడు. సింహాద్రి కదలగానే బస్సు కూడా కదిలింది. ఇద్దరూ ఆగారు. ఇద్దరూ క్షమించమని దణ్ణం పెట్టుకున్నారు. నాలుగు బళ్లలోనూ గంటలు మోగాయి.

తొమ్మిదీ ఇరవై అయింది. నాలుగు వైపులా బళ్లు కనుచూపు మేర బారులు తీరాయి. ఒక్క హారన్ లేదు. లిఖిత హాల్‌టికెట్ ఒళ్లో పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది.

సింహాద్రి మృణాళినికి ఫోన్ చేశాడు. "డాక్టరమ్మా, ఇక్కడెవరూ కదలట్లేదు!"

"ప్రమాదమేమీ జరగలేదు కదా?"

"ప్రమాదం జరగాలన్నా కదలాలి కదమ్మా!"

"ఇలా అవుతుందని నేను అనుకోలేదండీ," అంది మృణాళిని నెమ్మదిగా.

"ఒక్క మాట చెప్పమ్మా. కారు దిగి కోప్పడితే మార్కులు పడతాయా?"

"స్టీరింగ్ మీద చెయ్యి లేకపోతే దానికెలా తెలుస్తుంది?"

సింహాద్రి లవంగం ఉమ్మేసి కారు దిగాడు.

కూడలి మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. ఏడాదిన్నరగా దాచిపెట్టిన గొంతు ఒక్కసారిగా విప్పాడు. "ఏయ్ బస్సూ! ఏటా నవ్వు? పెళ్లిచూపులకొచ్చావా? తియ్యి బండి! లెక్చరరుగారూ, మీ మర్యాద క్లాసులో చూపించండి, ముందిక్కణ్ణించి కదలండి! వ్యానమ్మా, పాలు విరిగిపోతే పెరుగు అమ్ముకుంటావా?"

బస్సు డ్రైవరు ఉలిక్కిపడి గేరు వేశాడు. చాలాకాలం తర్వాత ఒక తిట్టు విని లెక్చరరుగారి ముఖం కళకళలాడింది. ఎవరు ముందో ఎవరు తర్వాతో సింహాద్రి వేలితో చూపిస్తుంటే బళ్లు బారులు బారులుగా కదిలాయి. తొమ్మిదీ నలభైకి కూడలి ఖాళీ.

చెమటతో తడిసిన చొక్కాతో, వెలిగిపోతున్న ముఖంతో సింహాద్రి వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. తెర మీద అంకె డెబ్భై నాలుగు.

"దయచేసి ఇరవై నిమిషాలు విశ్రాంతి తీసుకోండి," అంది కారు.

"నేను తిట్టింది నీకు దారి కోసమే కదే!" అని కారు మీద అరిచాడు సింహాద్రి. ఎనభై ఒకటి.

నూకరత్నం పక్క సీట్లోంచి దిగి ఇటువైపు వచ్చి తలుపు తీసింది. "దిగండి."

"నువ్వా?"

"నాకూ లైసెన్సుంది. మూడేళ్లయింది తీసుకుని. పక్కన మీరు కూర్చుని అరుస్తుంటే నడపలేక వదిలేశాను. వెనక్కెళ్లి కూర్చోండి. మాట్లాడకండి."

సింహాద్రి వెనక్కెళ్లి కూర్చున్నాడు. మాట్లాడలేదు. నూకరత్నం తెర మీద తొమ్మిది మార్కులు. మిగిలిన ఆరు కిలోమీటర్లూ ఆమె తొందరపడలేదు, ఎక్కడా తటపటాయించలేదు. తన వంతు వస్తే వెళ్లింది, రాకపోతే ఆగింది. తొమ్మిదీ యాభై ఆరుకు లిఖిత గేటు దాటింది. రెండు నెలల తర్వాత ఉద్యోగంలో చేరింది.

పరీక్ష అయిన మర్నాడే మృణాళిని వాళ్లింటికి వచ్చింది. ముందు గంట మోగే ఏర్పాటు తీసేస్తున్నానని చెప్పింది. "కానీ అలవాటు ఒక్కరోజులో పోదు సింహాద్రి గారూ. అందాకా ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా కూడలిలో నిలబడి కోప్పడే మనిషి కావాలంటున్నారు అధికారులు. ఊళ్లో ఇంకెవరికీ చేతకావడం లేదు."

సింహాద్రి గర్వంగా ఒప్పుకున్నాడు. నీలం రంగు కోటు, ఈల ఇచ్చారు. రోజూ కారులో దించే బాధ్యత నూకరత్నం తీసుకుంది.

చిక్కు నాలుగో రోజున వచ్చింది. ఆగినవాళ్లంతా కిటికీ దించి నమస్కారం పెడుతున్నారు, టీ ఇస్తున్నారు, మీరు లేకపోతే మా గతేమిటంటున్నారు. అలాంటివాళ్లను తిట్టడానికి నోరెలా వస్తుంది? సింహాద్రి ఈల పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. బళ్లు మళ్లీ ఆగిపోయాయి.

ఆ సాయంత్రం మృణాళిని నూకరత్నానికి ఫోన్ చేసి, పరిశోధకురాలు అడగవలసిన తీరులో, చాలా మర్యాదగా ఒక సాయం అడిగింది.

అప్పట్నించి ఉదయం ఎనిమిదింటికి నూకరత్నం భర్తను కూడలిలో దించుతుంది. అతను కోటు సవరించుకునేదాకా ఆగుతుంది. కిటికీ దించి, "ఏవండీ, నిన్న రివర్స్ చేస్తుంటే మన గేటు తగిలి వెనక డోరు మీద ఇంకో గీత పడింది, చూశారా?" అంటుంది.

అతను వెనక్కి తిరిగి చూసేలోపల, ఎనిమిది మార్కులతో నిదానంగా వెళ్లిపోతుంది.