లాగ్‌లో కనబడిన అడ్రసు

పియానోలు శ్రుతి చేసే మనిషిని ఉదయం పదీ ఇరవైకి, సెలూన్ కుర్చీలో గడ్డానికి నురగ రాయించుకుని కళ్ళు మూసుకున్న సమయంలో కాల్చి చంపారు.

హంతకుడు ఏ మాత్రం తొందరపడలేదు. తొమ్మిదీ యాభైకే వచ్చి, ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. అంటే ఆ మనిషి ఎన్నింటికి వస్తాడో ముందే తెలుసన్నమాట. ఆ టైము తెలిసినవి ఈ లోకంలో రెండే: చచ్చిపోయిన ఆ ఏజెంటూ, హెడ్డాఫీసులోని ప్రోగ్రామూ.

"ఏడు నెలల్లో నలుగురు," అన్నాడు పెద్దాయన, ఫైలు మూసేస్తూ. "ఆ ఊళ్ళో మనకి ఇంక మిగిలింది ఒక్కతే."

బల్లకి ఇవతల కూర్చున్న గుమాస్తా మూసిన ఆ ఫైలు వైపే చూశాడు. ఆ ఒక్కతి మారుపేరు పిచ్చుక. రేవు పక్కన ఒక పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా నెట్టుకొస్తున్న ఏజెంటు. అతని అక్క కూతురు. వద్దు మొర్రో అని అక్క నెత్తీనోరూ కొట్టుకున్నా, దగ్గరుండి ఈ ఉద్యోగంలో చేర్పించింది అతనే.

గుమాస్తా అంటే నిజంగా గుమాస్తా కాదు, అతనూ ఏజెంటే. కాకపోతే ఇరవై రెండేళ్ళ సర్వీసులో పిస్టలు పట్టుకున్నది రెండుసార్లు, కీబోర్డు పట్టుకోనిది రెండు రోజులు. అందుకే ఆఫీసంతా ఆ పేరు పెట్టి సరదా తీర్చుకుంది. ఏజెంట్ల వివరాలు దాచే ప్రోగ్రాం మొదటి లైను నుంచి చివరి లైను దాకా అతను రాసిందే.

"రేపు మధ్యాహ్నం పన్నెండుకి పిచ్చుక ఆఖరి సిగ్నల్ పంపుతుంది," అన్నాడు పెద్దాయన. "అది అందగానే మన సిస్టం పిచ్చుక డివైస్‌కి స్టీమర్ పాస్ పంపుతుంది. పన్నెండూ నలభైకి స్టీమర్. ఆ అమ్మాయితో మాట్లాడ్డానికి ఇంకో దారి లేదు. నువ్వెళ్ళి రేవు దాటించి రా."

"లీకు ఎక్కడో తెలిసిందా సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? అదీ నువ్వే చూడు."

మర్నాడు ఉదయం పదింటికల్లా గుమాస్తా పరాయి ఊళ్ళో, ఒక చవక హోటల్ నాలుగో అంతస్తు ఆరో గదిలో ఉన్నాడు. వేషం, కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్మే సేల్స్‌మాన్. శాంపిల్ పెట్టెలో పైవరసన నలభై ఫ్రేములు, కింది వరసన కంప్యూటరు, శాటిలైట్ ఫోను. వాష్‌బేసిన్ కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. కిటికీలోంచి చూస్తే రేవు గేటు, దాని దగ్గర చేతులు జేబుల్లో పెట్టుకుని ఊరికే నిలబడ్డ ఆరుగురు మనుషులు కనిపిస్తున్నారు.

అతను ఏడు నెలల లాగ్ తెరిచాడు. ఆ ప్రోగ్రాంలో ప్రతి ఏజెంటూ ఒక ఆబ్జెక్ట్. అసలు పేరు, దొంగ పేరు, ఇల్లు, తర్వాత ఎవరిని ఎక్కడ ఎన్నింటికి కలవాలి, అన్నీ అందులోనే, ఒక్కోటి ఒక్కో అరలో ఉంటాయి. ఎక్కడైనా ఎర్రర్ వస్తే సిస్టం లాగ్‌లో ఒక లైను రాస్తుంది. ఆ లైనులో ఏజెంటు ఎలా కనబడాలో నిర్ణయించేది ఒక చిన్న డిస్‌ప్లే ఫంక్షన్. అది ఒక్క నంబరు తప్ప ఇంకేమీ చూపించకుండా గుమాస్తా ఎప్పుడో రాసి పెట్టాడు.

లాగ్‌లో నంబరు లేదు. పియానోల మనిషి పేరు ఉంది. సెలూన్ వీధి ఉంది. పదీ ఇరవై ఉంది. ఎర్రర్ వచ్చిన మరుసటి రోజే చావు. మిగతా ముగ్గురిదీ అదే వరస.

ఏ వెధవ మార్చాడిది అనుకుంటూ ఫంక్షన్ తెరిచాడు. పైన ఒక నోటు ఉంది: "డీబగ్గింగ్ కోసం అన్ని వివరాలూ చూపిస్తున్నాను. తాత్కాలికం." కింద ఉన్న పొడి అక్షరాలు అతనివే.

అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. ఎవరిదో రికార్డు తేడా చేస్తోంది. లాగ్ నిండా నంబర్లే కాబట్టి ఏం తేడానో అంతు చిక్కలేదు. ఒక్క అరగంట అనుకుని, వివరాల మీద ఉన్న ఆ నంబరు ముసుగు తీశాడు. తేడా దొరికింది, సరిచేశాడు. ముసుగు మళ్ళీ వేసే లోపల ఫోను మోగింది. "మావయ్యా, నువ్వొచ్చేదాకా నేను రైలెక్కను. తర్వాత నీ ఇష్టం." మేనకోడలు ఈ ఊరికి బయల్దేరుతున్న రోజది. కోటు సగం తొడుక్కుని స్టేషనుకి పరిగెత్తాడు. రైలు కదిలేదాకా దాని చెయ్యి వదల్లేదు. తర్వాత ఆ లైను సంగతి మళ్ళీ తలపుకి రాలేదు.

గుమాస్తా లేచి కొళాయి కింద తల పెట్టాడు. నలుగురిలో ఇద్దరితో కలిసి భోజనం చేసినవాడు. ఒకడి పెళ్ళికి కూడా వెళ్ళాడు. తనని తాను తిట్టుకోవడానికి చాలినంత తిట్టు ఏ భాషలోనూ దొరకలేదు.

శాటిలైట్ ఫోను తీశాడు.

"ఫ్రేము వదులైంది."

"ముక్కు సన్నబడిందేమో చూడు," అని కోడ్‌వర్డ్‌కి జవాబిచ్చాడు పెద్దాయన. "చెప్పు."

"లీకు నేనే సార్."

గుమాస్తా రెండు నిమిషాల్లో అంతా చెప్పాడు.

"లాగ్ చదివేది ఒక్క ఆడిటరే కదా," అన్నాడు పెద్దాయన.

ఆడిటర్ అంటే ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. సిస్టం సవ్యంగా నడుస్తోందో లేదో చూడ్డానికి బయటి నుంచి పెట్టుకున్న మనిషి. ముదురాకుపచ్చ కోటు, నవ్వితే ఎదుటివాడు ఏం చెప్పబోయాడో మర్చిపోయే నవ్వు. పోయిన వారం నుంచి సెలవులో ఉంది, కానీ లాగ్ ఎక్కణ్ణుంచైనా చదవగలదు.

"ఆవిణ్ణి తెచ్చింది నేనే," అన్నాడు పెద్దాయన. "సరే, ముందు ఆ ముసుగు మళ్ళీ వేసెయ్."

"వేస్తే చాలదు సార్. పిచ్చుక డివైస్‌లో గడియారం వెనకబడుతోంది, పోయిన సిగ్నల్‌కే హద్దు దాకా వచ్చింది. పన్నెండుకి సిగ్నల్ రాగానే టైము తేడా అని ఎర్రర్ పడి తీరుతుంది. ఇక్కడివాళ్ళూ ఆ సిగ్నల్ పట్టుకుంటారు, ఎక్కణ్ణుంచో మాత్రం తెలీదు. లాగ్‌లో పడే అడ్రసు కోసం ఎదురుచూస్తారు. దొరక్కపోతే గేటు మూసేస్తారు. గేటు దగ్గర ఇప్పుడే ఆరుగురున్నారు."

"అయితే ఏమంటావు?"

"వాళ్ళకి అడ్రసే కదా కావాలి. ఇద్దాం. పిచ్చుక రికార్డు ఎప్పుడు కనబడాల్సి వచ్చినా ఈ హోటల్, నాలుగో అంతస్తు, ఆరో గది అని కనబడేలా రాస్తాను."

"ఆ గది ఎవరిది?"

"నాదే సార్. ఖాళీ గది దొరికితే రెండు నిమిషాల్లో వెనక్కి పోతారు. మనిషి దొరికితే కాసేపు ఉంటారు."

పెద్దాయన "స్టీమర్ బయల్దేరగానే చెప్పు," అనబోయి, ఎవరు చెబుతారో తట్టి, ఫోను పెట్టేశాడు.

పదకొండూ యాభై ఆరుకి గుమాస్తా కొత్త ఫంక్షన్‌ని తన కంప్యూటర్‌లోనే ఒకసారి నడిపి చూశాడు. తెరమీద పళ్ళ డాక్టరు పేరు, వీధి, పిచ్చుక ఉండే మేడమీది గది, అన్నీ శుభ్రంగా ప్రత్యక్షమయ్యాయి.

ఎందుకిలా?

పిచ్చుక ఒంటరిగా పనిచేసే మనిషి. తర్వాత కలవాల్సిన చోటు అన్న అర ఆమె రికార్డులో ఖాళీ. ఫంక్షన్ ముందు ఆ ఖాళీ అరని చదవబోయి బోర్లాపడుతోంది. అది పడగానే సిస్టం పాత అలవాటు ప్రకారం ఆబ్జెక్ట్ మొత్తం కుమ్మరించేస్తోంది. ఎర్రర్‌ని చూపించాల్సిన కోడే ఎర్రర్ ఇస్తే ఇంతే గతి. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పేవాడు గుమాస్తా.

పదకొండూ యాభై ఎనిమిది. రికార్డులో ఏ అరా ముట్టుకోకుండా, నేరుగా హోటల్ అడ్రసు ఒక్కటే ఇచ్చేలా మార్చాడు. నడిపాడు. నాలుగో అంతస్తు, ఆరో గది. హెడ్డాఫీసు సర్వర్‌కి పంపాడు. తొంభై శాతం దగ్గర ఆగింది. కదలదు. ఎప్పుడూ ఏ దేవుణ్ణీ ఏమీ అడగనివాడు ఆ పది శాతం కోసం అందరినీ అడిగేశాడు.

పదకొండూ యాభై తొమ్మిదీ యాభై మూడు సెకన్లకి పని పూర్తయింది.

పన్నెండుకి లాగ్‌లో ఒక లైను పడింది: టైము తేడా, ఏజెంటు: ఈ హోటల్, నాలుగో అంతస్తు, ఆరో గది. పిచ్చుక డివైస్‌కి పాస్ వెళ్ళింది. మూడు నిమిషాలకి గేటు దగ్గరి ఆరుగురూ చేతులు జేబుల్లోంచి తీసి పరుగందుకున్నారు. గుమాస్తా కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి, కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని కూర్చున్నాడు. రేవు గేటులోంచి చిన్న సంచీతో ఒకమ్మాయి లోపలికి వెళ్ళింది. నడక అచ్చం అక్క నడకే. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే బాగుండుననిపించింది. చూడలేదు. చూడకూడదని నేర్పింది కూడా అతనే.

తలుపు తన్ని తెరిచారు. ఇద్దరు లోపలికొచ్చారు, మిగతావాళ్ళు మెట్లమీద నిలబడ్డారు. వాళ్ళ వెనక ముదురాకుపచ్చ కోటు.

"గుమాస్తా గారా!" అంది ఆడిటర్. కాసేపు నిజంగానే అర్థం కానట్టు చూసింది. "పిచ్చుక ఏదండీ?"

"ఇక్కడ లేదు."

"లాగ్‌లో..."

"లాగ్‌లో ఎవరు ఎలా కనబడాలో రాసేది నేనండీ."

పెట్టె వెతికారు. ఫ్రేములన్నీ నేలమీద పారబోశారు. అతని మూతి పగలగొట్టారు. బయట స్టీమర్ కూత వినపడగానే ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. గేటు దగ్గర ఒక్కడూ లేడు. ఉన్నవాళ్ళందరినీ ఇక్కడికి పిలిపించింది తనే. ఆ సంగతి సాయంత్రంలోగా పైవాళ్ళకి చెప్పుకోవాలి. అందమైన ఆ ముఖంలో రంగు దిగిపోయింది.

ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను ఒక్క తాళం పగలగొట్టలేదు, తెలుసాండీ. ఎవరినీ బెదిరించలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ లాగ్ చదివేదాన్ని. మీరు చూపించారు, నేను చూశాను. ఆ నలుగురూ మీ ఖాతాలోకే వస్తారు."

ఒక్కరిని దాటించినంత మాత్రాన నలుగురు తిరిగి రారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

"ఒకటి చెప్పండి," అంది ఆమె. "ఇవాళ ఇంత పకడ్బందీగా రాశారు కదా. ఆ రోజు ఎందుకు రాయలేదు?"

"ఆ రోజు తొందర్లో ఉన్నానండీ."

"మరి ఇవాళో?"

గుమాస్తా తలుపుకి అడ్డంగా నిలబడ్డ ఇద్దరినీ ఒకసారి చూసి, నోట్లో రక్తం రుమాలుతో తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇవాళ నాకు ఎక్కడికీ వెళ్ళే పని లేదు."