మొదటి దెబ్బ

ఆమె చేతులు సబ్బు నురగలో ఉండటంతో ఫోను భర్తే ఎత్తాడు. రెండు మాటలు విని పెట్టేసి, ఆమెను నడుము పట్టి ఎత్తి గిరగిరా తిప్పాడు! పెళ్ళయి యాభై రోజులైనా కాలేదు. ఆ ఇరుకు గదిలో వాళ్ళ సంతోషానికే చోటు చాలడం లేదు, ఇంక తిరగడానికెక్కడిది... ఆమె కాలు తగిలి కొత్త గాజుగ్లాసు జంటలో ఒకటి భళ్ళున పగిలింది. అయినా నవ్వు ఆగలేదు. రేపటినుంచి ఆమె లాండ్రీలో సూపర్‌వైజర్!

నిజానికి వారం కిందటే పని మానేద్దామని నిశ్చయించుకుంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు టన్నుల లెక్కన ఉతికే చోటది. డిగ్రీ చదివినదానివి అక్కడేం పనే అని స్నేహితురాళ్ళు ఎన్నోసార్లు అన్నారు. ఆవిరికి వేళ్ళు నానిపోయినా ఓర్చుకుంది కానీ, ఆ కర్రను మాత్రం ఓర్చుకోలేకపోయింది. మరిగే తొట్టిలోంచి బట్టలు పైకి లాగే బారెడు కర్ర. అది ఎప్పుడూ సూపర్‌వైజర్ చేతిలోనే ఉంటుంది. చెయ్యి నెమ్మదించిన వాళ్ళ వీపు మీద పడుతుంది. ఆడవాళ్ళు దానికి పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఎవరి భుజమైనా కమిలితే, పెద్దమ్మ పలకరించిందా అని అడిగి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుకుంటారు. ఇప్పుడా కర్ర తన చేతికే వస్తోంది... తీసుకెళ్ళి మూలన పడేస్తే సరి! ఆ ఒక్క ఆలోచనతో మానేయాలన్న నిశ్చయం కాస్తా కరిగిపోయింది.

అత్తయ్య మాత్రం తాగుతున్న టీ సగంలో వదిలేసి, గ్లాసు పెంకులు ఒక్కొక్కటే ఏరి, లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ కూడా ఒకప్పుడు అక్కడే సూపర్‌వైజర్. పాత సూపర్‌వైజర్‌కి కొత్త సూపర్‌వైజర్ గిట్టదులే అని భర్త వేళాకోళమాడాడు.

చిక్కల్లా ఆనవాయితీతోనే! లాండ్రీలో దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరిద్దరు జోడీగా నిలబడతారు. కొత్తగా సూపర్‌వైజర్ అయినామె మొదటి పొద్దున అందరి ముందూ తన జోడీని ఒక దెబ్బ కొట్టాలి. సొంత జోడీనే కొట్టినదానికి మిగతావాళ్ళు ఒక లెక్కా అని అందరికీ భయం పట్టాలట. అదీ మేనేజరు తర్కం. మాట్లాడితే బుసకొడతాడని ఆడవాళ్ళు ఆయన్ని బుసాయన అంటారు. ఇక ఆమె జోడీ ఎవరో కాదు... తన తోడికోడలే! పెద్ద కోడలైనా తోబుట్టువులా ప్రేమగా చూసుకునే మనిషి.

ఆ సాయంత్రం ఇద్దరూ పెరట్లో చీపురుకట్టతో సాధన చేశారు. భుజమ్మీద నాలుగు మడతల దుప్పటి వేసుకుంటాననీ, చూసి దానిమీద కొట్టమనీ, తను కెవ్వుమని అరుస్తాననీ తోడికోడలు చెప్పింది. మొదటిసారి అరుపు మరీ నాటకంలా వచ్చింది. రెండోసారి పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కిటికీలోంచి అత్తయ్య చూస్తూనే ఉంది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

తెల్లవారి, అరవైమంది ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. బుసాయన కర్ర తెచ్చి చేతికిచ్చాడు. తడికి నాని నాని తెల్లబడిన ఆ కర్ర అనుకున్నదానికంటే చాలా బరువుంది! తోడికోడలు ఎదురుగా నిలబడి కన్ను గీటింది. ఆమె కర్ర పట్టుకుని రెండు చేతులూ పైకెత్తింది...

అయ్యో, ఇద్దరికీ ఒక్క సంగతి తోచలేదు! దుప్పటి మడతపెట్టేటప్పుడు ఒకరు చేతులెత్తితే, రెండోవాళ్ళు అంచులు కలపడానికి అడుగు ముందుకెయ్యాలి. రోజుకి నాలుగువందలసార్లు వేసే అడుగది. పెరట్లో ఒక్క చేత్తో ఎత్తిన చీపురుకట్టకు అలవాటు మేలుకోలేదు. ఇక్కడ రెండు చేతులూ ఒక్కసారి లేవగానే తోడికోడలి కాళ్ళు వాటంతటవే ముందుకొచ్చేశాయి. భుజానికని దించిన కర్ర నుదుటిమీద పడింది. ఎముక చప్పుడు! ఆ చప్పుడు ఆమె మోచేతుల దాకా పాకింది. తోడికోడలు అరవను కూడా లేదు. మోకాళ్ళమీద కూలబడింది. నాలుగు మడతల తెల్లదుప్పటి మీద ఎర్రటి రక్తం చూస్తుండగానే అరచేయంత, పళ్ళెమంత అయింది...

"భేష్," అన్నాడు బుసాయన. "ఆ దుప్పటి మళ్ళీ తొట్టిలో వేయించు."

ఆమె ఆయన్ని చూసింది. చేతిలోని కర్రను చూసింది. తర్వాత ఏం చేసిందో తనకే సరిగా తెలియదు. కర్రను తీసుకెళ్ళి తిరుగుతున్న ఇస్త్రీ రోలర్ల మధ్యకి తోసేసింది. ఇనుము కీచుమంది. కర్ర ఫెళఫెళా విరిగి ముక్కలు పైకెగిరాయి. పొగ చిమ్మి యంత్రం ఆగిపోయింది. బుసాయన ఆమె జడ పట్టి వెనక్కి లాగి చెంప మీద కొట్టాడు. ఒకటి... రెండు... మూడోదానికి చెయ్యెత్తేసరికి అరవైమందీ ఒక్క అడుగు ముందుకేశారు. ఎవరూ చెప్పలేదు. అదీ అలవాటే కాబోలు! ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆసుపత్రిలో తోడికోడలి నుదుటికి ఏడు కుట్లు వేసి, ప్రాణానికి భయం లేదన్నారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చారు. ఆమె వాచిన చెంప చూసి భర్త మూలనున్న ఇనుపకడ్డీ అందుకున్నాడు. వాడి చేతులు విరగ్గొట్టి వస్తానని ఊగిపోతుంటే, తలుపుకడ్డంగా అత్తయ్య నిలబడింది.

"ముందు నా చేతులు విరగ్గొట్టు నాయనా," అంది.

అత్తయ్య గోడకానుకుని కిందికి జారి కూచుంది. తానూ ఆ మొదటి దెబ్బ కొట్టిన మనిషినేనని చెప్పింది. ఆనాటి తన జోడీ, ఈ పెద్ద కోడలి తల్లే! ఆవిడ కుడి మణికట్టు వంకర, ఇంట్లో అందరూ అనుకున్నట్టు మెట్లమీద పడి వచ్చింది కాదు. ఆ చేత్తో ఆవిడ మళ్ళీ దుప్పటి పట్టలేకపోయింది. తను మాత్రం పందొమ్మిదేళ్ళు ఆ కర్రనే పట్టుకుంది... ఆ పాపం కడుక్కోవడానికే ఆ ఇంటి పిల్లను అడిగి మరీ కోడలిగా తెచ్చుకుంది!

"నీ చెయ్యి పొరపాటున తగిలింది తల్లీ. నేను చూసే కొట్టాను. మెత్తగా కొడితే పని ఇంకొకరికి ఇచ్చేస్తాడని గట్టిగా కొట్టాను. నిన్న పెరట్లోకొచ్చి ఈ మాట చెప్పుంటే దీని తల పగిలేది కాదు. సిగ్గేసింది."

చిన్న కోడలి గుండె చెరువైపోయింది. మంచమ్మీద కట్టుతో పడుకున్న తోడికోడలు మెల్లగా చెయ్యి చాచింది.

"నాకు తెలుసు అత్తయ్యా. పెళ్ళికి ముందే అమ్మ చెప్పింది. ఆవిడ చేసింది మర్చిపోకు, కానీ ఎత్తిపొడవకు అంది."

అత్తయ్య ఆ చేతిని కళ్ళకద్దుకుని భోరుమంది. ఇన్నేళ్ళూ తెలిసీ తనకి నీళ్ళు కాచి పోసిందే, కాళ్ళు పట్టిందే ఈ పిల్ల! ఎవరి కన్నీళ్ళు ఎవరు తుడుస్తున్నారో తెలియలేదు. భర్త చేతిలో కడ్డీ ఎప్పుడు జారిందో అంతకన్నా తెలియలేదు. పాపం, దాన్ని మళ్ళీ మూలన పెట్టి వెళ్ళి అందరికీ టీ పెట్టాడు. పగలని ఆ ఒక్క కొత్త గాజుగ్లాసులో పోసి వదినకిచ్చాడు. చక్కెర వెయ్యడం మర్చిపోయాడు. ఎవరూ చెప్పలేదు. అంత చేదు టీని మొహం చిట్లించకుండా తాగే భాగ్యం ఏ ఇంట్లోనైనా ఉంటుందా!

సాయంత్రం ఆమె చెంపకి తడిగుడ్డ అద్దుకుంటూ, పని మానేస్తున్నానంది. కాగితం రాసి పంపేయమన్నాడు భర్త. ఆమె తల అడ్డంగా ఊపింది. కాగితమైతే సొరుగులోకి పోతుంది. కొత్త కర్ర ఇంకొకరి చేతికి వస్తుంది. ఆ ఇంకొకరు వినాలి.

"రేపు పొద్దున గంట కొట్టేసరికి మనం అక్కడుండాలి. అక్కా, నువ్వు ఆ కట్టుతోనే రా. మీ అమ్మనీ పిలుద్దాం. ఆ రోలర్ల ముందు నిలబడి, అరవైమందీ వినేలా చెప్తాను, ఎందుకు మానేస్తున్నానో."

తోడికోడలు సరేనంది. భర్త అందరినీ తీసుకెళ్ళడానికి బండి మాట్లాడతానన్నాడు. అత్తయ్య లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి దండెం మీద వేసుకుంది.

"మీ అమ్మని పిలవడానికి నేనే వెళ్తాను," అంది పెద్ద కోడలితో. "మీరు లేచేసరికే వాళ్ళ గుమ్మంలో ఉంటాను."