నాలుగో అంతస్తులో తల లేని మనిషి

మా ఆఫీసు లిఫ్టులో నాలుగు అంకె ఉండదు. మూడు తర్వాత ఎఫ్, ఆ తర్వాత అయిదు. మా భాషలో నాలుగూ చావూ ఒకేలా పలుకుతాయని తీసేశారు. అంకె తీసేస్తే అంతస్తు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది. ఆ అంతస్తులో, నడవా చివర, ఒక గది ఉంది...

పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్లరు. అందులో తల లేని మనిషి నిలబడి ఉంటుందని పేరు.

ఆ పేరు పుట్టించింది నేనే. ఊసుపోక, కాఫీ యంత్రం దగ్గర, కొత్తవాళ్లని బెదరగొట్టడానికి. నా పాపం ముందే ఒప్పేసుకుంటున్నాను. మిగతాది అప్పట్లో నాతో పనిచేసిన తక్ మ్యోంగ్‌సిక్ మూడో గ్లాసు సోజు సారా తర్వాత నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తాను. తక్ ఇప్పుడు కంప్యూటర్ ముట్టడు. కోడి వేపుడు అంగడి పెట్టుకున్నాడు.

మాది పాంగ్యో అనే ఊళ్లో వీడియో ఆటలు తయారుచేసే కంపెనీ. ఆ గదిలో నూట ఇరవై కెమెరాలు గుండ్రంగా బిగించి ఉంటాయి. మధ్యలో మనిషి చేతులు ఎడంగా చాపి, కదలకుండా నిలబడాలి. చీకట్లో దీపాలన్నీ ఒక్కసారి మెరుస్తాయి. అంతే— కంప్యూటర్లో అచ్చం ఆ మనిషే తయారు.

దుమ్ము పడకూడదని బూట్లు గుమ్మం బయటే విప్పాలి. ఫోను లిఫ్టు పక్కన అరలో పెట్టాలి. మధ్యలో ఎవరూ తలుపు తోయకుండా బయటినుంచి గడియ వేస్తారు. గడియ చప్పుడు వినబడిందంటే లోపలివాళ్లకి ఒకటే అర్థం... మొదలైంది, కదలొద్దు.

ఆ మధ్యలో నిలబడ్డ మనిషి పేరు గుక్ హేజిన్. సినిమాల్లో హీరోయిన్ల బదులు మేడల మీంచి దూకుతుంది. పన్నెండేళ్లు దూకింది. ఎముకలు విరిగినవి ఆమెవి, తెర మీద మొహాలు వేరేవాళ్లవి. మా ఆటలో కత్తి పట్టే నాయిక కోసం ఆమెని పిలిచినప్పుడు, మా టీమ్ లీడర్ మేంగ్ మాటిచ్చాడు— "ఒళ్లూ నీదే, మొహమూ నీదే."

ఆరు గంటలు నిలబెట్టాడు. ఒక్కసారి దగ్గిందని మొదటినుంచీ మళ్లీ తీయించాడు. ఆమె కిక్కురుమనలేదు.

"మా పాప బడిలో అందరికీ చెప్పేసింది తక్ గారూ," అందట వెళ్లేముందు. "ఈసారి అమ్మ మొహమే కనబడుతుందని."

తక్ పని ఆ బొమ్మ లోపల ఎముకల గూడు పెట్టి కదిలేలా చెయ్యడం. అంతా అయ్యాక, సొల్లాల్, అంటే చలికాలంలో వచ్చే కొత్త సంవత్సరం పండగ, సెలవులకి ముందు గురువారం, మేంగ్ వచ్చి అతని కుర్చీ మీద చెయ్యేశాడు.

"తల మార్చెయ్."

"ఎవరి తల?"

"హేజిన్‌ది. ముప్ఫై ఆరేళ్ల మొహాన్ని ఎవడు చూస్తాడయ్యా? ఇదిగో, పాటలు పాడే పిల్ల తల. దీన్ని ఆ ఒంటికి అతికించు."

"ఆవిడకి చెప్పారా, లీడర్ గారూ?"

"మెడ కిందంతా ఆవిడేగా! కూతుర్ని మెడదాకా చూసుకోమను."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అందరూ ఊళ్లకి రైళ్లు పట్టుకోవడానికి పరిగెత్తారు. తక్ ఒక్కడే మిగిలాడు. హేజిన్ తలని మెడ దగ్గర కోశాడు. కొత్త తల పెట్టి చూస్తే కుదరదు... దెబ్బలు కాచుకున్న ఆ మెడ లావు, ఈ పిల్ల తల సన్నం. అంచులో చుక్కకి చుక్క కలవకపోతే తల తిప్పినప్పుడల్లా మెడ చుట్టూ చీలిక కనబడుతుంది. ఎలాగో కలిపి, మెడ ఎముకకి తగిలించి, బొమ్మని నడిపించాడు.

ఒళ్లు ముందుకి నడిచింది. తల... మెల్లగా వెనక్కి తిరిగింది.

రెండు తలల ఎముకలు వేరువేరు దిక్కులకి కట్టి ఉంటే అలాగే తిరుగుతుంది. అది తక్‌కి తెలుసు. తెలిసినా తెర మీంచి చూపు తిప్పేసుకున్నాడు. మెడ అసలు ఫొటోలు చూసుకుంటే తప్ప పని తెమలదు. అవి ఉన్నది నడవా చివరి గదిలో.

ఎనిమిదయింది. నడవాలో దీపాలు ఆర్పేశారు. దారి చూపే ఆకుపచ్చ దీపం ఒక్కటే. తలుపు తీశాడు... లోపల నల్ల పరదా. పక్కకి జరిపాడు.

కెమెరాల మధ్య ఎవరో నిలబడి ఉన్నారు.

పాలిపోయిన ఒళ్లు. చేతులు రెండూ ఎడంగా చాపి... కదలిక లేదు. ఆకుపచ్చ వెలుతురు పాదాల నుంచి మెల్లగా పైకి పాకి, భుజాల దగ్గర ఆగింది.

ఆ పైన ఏమీ లేదు. వట్టి చీకటి.

"మొదలు... పెట్టండి..."

గుసగుస. తల లేనిచోటి నుంచి!

తక్ గుమ్మం బయట దేన్నో తన్నుకుని పడబోయాడు. తలుపు లాగి, గడియ వేసి, మెట్ల మీంచి దూకుతూ కిందికొచ్చాడు. వీధిలోకి వచ్చాక మేంగ్‌కి ఫోను చేశాడు. రైలు చప్పుడు వినబడుతోంది.

"లీడర్ గారూ... ఆ గదిలో... తల లేదు... నిలబడి ఉంది!"

అవతల ఒక నవ్వు.

"గడియ వేశావా?"

"వేశాను."

"మంచి పని చేశావ్. ఇంటికి పో."

మర్నాడు పొద్దున్నే తక్ ఊరికి బస్సెక్కాడు. పండగ రద్దీలో ఎనిమిది గంటల ప్రయాణం. ముందు రాత్రంతా దుప్పటి కప్పుకుని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడట. ఇల్లు చేరి, గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వెళ్తుంటే, తల్లి వంగి ఆ బూట్లని బయటివైపు తిప్పి జతగా పెట్టింది.

తక్ అక్కడే ఆగిపోయాడు.

రాత్రి తను తన్నుకున్నవి... ఆడవాళ్ల పరుగు బూట్లు. గుమ్మం పక్కన, జతగా, ముందు భాగం బయటికి తిప్పి పెట్టినవి.

దెయ్యాలు బూట్లు విప్పి లోపలికి వెళ్తాయా? తల లేక కాదు... వెలుతురు భుజాలదాకానే అందింది.

మళ్లీ మేంగ్‌కి ఫోను చేశాడు. మేంగ్ ఏదో నములుతున్నాడు.

"హేజినే. మూడుసార్లు వచ్చి నా పీక మీద కూర్చుంది, ఆటలో నా మొహం చూపించమని. తల సరిగా రాలేదు, గురువారం ఏడింటికి వచ్చి నిలబడు, యంత్రం దానంతటదే తీస్తుంది అన్నాను. విసుగెత్తి పోతుందనుకున్నా."

"నిన్న నేను చెప్పినప్పుడైనా—"

"కాస్త బుద్ధొస్తుందిలే అనుకున్నా. అయినా గడియ వేసింది నువ్వు తమ్ముడూ, నేను కాదు. పోలీసుల్ని పిలుస్తావా? పిలువు. బేడీలు ఎవరి చేతికో చూద్దాం."

తక్ ఎవర్నీ పిలవలేదు. ఒక్క ఫోను చేస్తే పది నిమిషాల్లో ఎవరైనా తలుపు తీసేవారు. చెయ్యలేదు. తిరుగు బస్సెక్కి, కిటికీకి తల ఆనించుకుని, పండగ రద్దీ లేని ఆ దారిలో నాలుగు గంటలు కూర్చున్నాడు. ఈ ముక్క దగ్గరే అతన్ని లాగి కొట్టాలనిపించింది నాకు. కానీ ఆ దెయ్యాన్ని అతని బుర్రలో పెట్టింది నేను... ఏ చేత్తో కొడతాను?

చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. సెలవులని భవనంలో వేడి ఆపేశారు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. బూట్లు అక్కడే ఉన్నాయి. ఒకటి పక్కకి దొర్లి ఉంది.

గడియ లాగాడు.

లోపల గబగబా అడుగుల చప్పుడు... అంతలోనే నిశ్శబ్దం.

పరదా తీసి దీపం వేశాడు. హేజిన్ కెమెరాల మధ్య నిలబడి ఉంది. పెదాలు పగిలి నెత్తురు చారలు. మోకాళ్లు కొట్టుకుంటున్నాయి. చేతులు మాత్రం ఎడంగా చాపే ఉన్నాయి. మెడ తిప్పలేదు.

"మధ్యలో కూర్చున్నాను తక్ గారూ... నిలబడలేక..." గొంతు పూర్తిగా పోయింది. "అది కూడా ఫొటోల్లో పడిపోయిందా? మళ్లీ తియ్యాలా?"

తక్ పరదా అంచు పట్టుకునే ఉన్నాడు.

"దగ్గలేదు... గడియ పడ్డాక ఒక్కసారి కూడా దగ్గలేదు." అద్దంలాంటి ఆ కెమెరాల వంకే చూస్తూ, చిన్నగా నవ్వబోయింది. "తల... ఈసారి బాగా వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు తక్.

అప్పటిదాకా ఆమె చేతులు దించలేదు.