కంకర గుంత దగ్గర తట్టేవాడు

కెనడాలోని యూకాన్‌లో ఉత్తరానికి పోయే మట్టిరోడ్డు మీద డెబ్బై ఒకటో కిలోమీటరు దగ్గర ఓ పాత కంకర గుంత ఉంది. లారీవాళ్లు అక్కడ టీ తాగడానికి కూడా ఆగరు. ఎప్పుడో ఒక డ్రైవరు ఆ గుంతలో చలికి కొయ్యబారి చచ్చాడట. రాత్రిపూట అక్కడ ఆగిన బండ్ల గోడలు తడతాడట... లోపలికి రానివ్వమని.

రొవేనా ఈ కథ విన్నది, క్యాంపర్ అమ్మకానికి పెట్టిన ముసలాయన ఓర్విల్ నోటే. ఆవిడ మంచు లోతు కొలిచే ఉద్యోగి. చలికాలమంతా ఆ రోడ్డు మీదే, క్యాంపర్‌లోనే, అంటే ట్రక్కు మీద ఎక్కించుకునే చిన్న ఇంట్లోనే పడక. కిందటేడు పాత క్యాంపర్‌లో హీటరు ఆగిపోయి రెండు కాలివేళ్లు పోగొట్టుకుంది. ఈసారి తప్పుడుది ఎంచుకుంటే పోయేది వేళ్లతో ఆగదని ఆవిడకి తెలుసు.

"గోడల చట్రమంతా అల్యూమినియమేనా, కలప లేదుగా, పెద్దాయనా?"

"పుల్ల ముక్క ఉంటే అడుగు. నాకు అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు."

ఒక రాత్రి పడుకుని చూడందే అక్కడ ఎవరూ క్యాంపర్ కొనరు. ఓర్విల్ సరేనన్నాడు. బయల్దేరుతుంటే మాత్రం కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఎక్కడైనా ఆపుకో అమ్మాయ్. ఆ గుంత దగ్గర మాత్రం వద్దు."

రొవేనాకి అక్కడే అనుమానం తగిలింది. ఆ దారిలో అంత గతుకుల రోడ్డు, అంత చలి చోటు ఇంకోటి లేదు. క్యాంపర్‌లో లోపమేదో అక్కడ బయటపడుతుందని ముసలాడి భయం కాబోలు. దెయ్యం పేరు చెప్పి తనని మళ్లిస్తున్నాడు. ఆవిడ నేరుగా గుంతకే పోయింది.

గతుకులకి ఒక్క బోల్టు వదులవలేదు. సున్నాకి ముప్పై ఎనిమిది డిగ్రీల కింద కూడా హీటరు చక్కగా మండింది. అనవసరంగా అనుమానించానే అనుకుంటూ దుప్పట్లో దూరింది.

టక్... టక్.

తల పక్క గోడ మీద.

ఊపిరి బిగబట్టింది. నిశ్శబ్దం... మళ్లీ, ఈసారి గట్టిగా — టక్.

ముసలాడే వెనకాల వచ్చి భయపెడుతున్నాడా? టార్చి పట్టుకుని దిగింది. చుట్టూ కొత్త మంచు. తన అడుగులు తప్ప ఇంకొక్క అడుగు లేదు.

అప్పుడు భయం వేసింది. నిజంగానే వేసింది. ట్రక్కెక్కి ఇరవై కిలోమీటర్లు వెనక్కి తోలి, పెట్రోలు బంకు దీపాల కింద ఆపి, మళ్లీ పడుకుంది.

టక్.

అదే గోడ.

చచ్చినవాడు గుంత వదిలి ఇంత దూరం ఎందుకొస్తాడు? రొవేనా గోడకి చెయ్యి ఆనించింది. చెమ్మ. చాకు మొన పెట్టి నొక్కితే నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది. లోపల నల్లగా కుళ్లిన కలప, దాని నిండా మంచు. హీటరు వేడికి గోడలో నీరు ఊరడం, బయటి చలికి అది గడ్డకట్టి కలపని చిట్లగొట్టడం... ఆ చప్పుడే ఇది.

అల్యూమినియమట. కోపంతో ఆవిడకి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే క్యాంపర్ ఓర్విల్ పెరట్లో దింపేసి, కుళ్లిన ముక్క తెచ్చి అతని ముందు పడేసింది.

"ఇదీ మీ దెయ్యం. నన్ను చంపేసేవారే. ఎంతమందికి చెప్పారీ కథ?"

ఓర్విల్ ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇదా తట్టింది?" అన్నాడు.

ఆ మొహం చూస్తే రొవేనాకి కోపం జారిపోయింది. ముసలాడు మోసగాడు కాదు.

"దీన్ని కొన్న మొదటి చలికాలం ఆ గుంత దగ్గర ఆగాం, నేనూ మా ఆవిడ హెట్టీ. చప్పుడు విని పారిపోయొచ్చాం. ఉత్తరాన సముద్రం చూద్దామని అది తొమ్మిదేళ్లు అడిగింది. ఆ గుంత దాటనని నేను కదల్లేదు. మొన్న ఆకురాలే కాలంలో పోయింది." ముక్క మీంచి తలెత్తి అడిగాడు. "నువ్వు దిగి చూశావా?"

"చూశాను. ఎవరూ లేరు."

"అదీ దిగి చూస్తానంది, అమ్మాయ్... నేనే తలుపు తియ్యనివ్వలేదు."