దేముడమ్మ అడిగిన కిటికీ

ఆ ఉదయం దేముడమ్మ చోడి అంబలి కాస్తుంటే పొయ్యిలో పచ్చికట్టెలు అంటుకోక ఇల్లంతా పొగ కమ్మింది. మూల పడుకున్న కూతురు కనక దగ్గుతూ లేచి కూర్చుంది. పిల్లను ఎత్తుకెళ్ళి బయట అరుగు మీద కూర్చోబెట్టి దేముడమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. పొగ పోవాలన్నా వెలుగు రావాలన్నా ఆ ఇంటికి వాకిలి ఒక్కటే దారి. అత్త సోములమ్మ ఆ వాకిట్లోనే కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన ఫితూరీ అణిగిన మరుసటి ఏడు అది. అరకు సంతకు కూతవేటు దూరంలో ఉన్న ఆ గూడెంలో ఏ ఇంటికీ కిటికీ లేదు. వానలకు పాత ఇంటి నిట్రాళ్ళు పుచ్చిపోవడంతో, దేముడమ్మ భర్త సుక్రు ఆ పక్కనే కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. ఎర్రమట్టి గోడలు నడుమెత్తు లేచాయి.

పొద్దెక్కేసరికి దేముడమ్మ అన్న బుధు కావడి మోసుకుంటూ వచ్చాడు. అడవి దొరలకు బంగళా కట్టేటప్పుడు వడ్రంగుల దగ్గర పని నేర్చినవాడు. చెల్లెలు ఎవరికీ తెలియకుండా అడిగితే రెండు కిటికీలు చేసి తెచ్చాడు. ఒకటి వెదురుదబ్బలతో అల్లిన వెడల్పాటి తడిక. దానితో పొగ ఇట్టే పోతుంది, ఇల్లంతా వెలుగు. రెండోది చిన్నది. గట్టి వేగిస కర్ర చట్రంలో నిలువుగా కొయ్య ఊచలు బిగించి, లోపలి వైపు తలుపు పెట్టాడు. బరువెక్కువ, వెలుగు తక్కువ. గోడ ఇంకా లేవకముందే ఖాళీ వదలాలనీ, మట్టి ఆరాక పగలగొడితే గోడ నిలవదనీ కొత్తింటి దగ్గరున్న బావను పిలిచి చెప్పాడు.

సుక్రు మట్టి కాళ్ళతోనే వచ్చి రెండింటినీ చూశాడు. దేన్నీ ముట్టుకోలేదు.

"రెండూ అట్టుకుపో బావా. ఈ ఇంటికి కిటికీ నేదు."

ఎందుకు వద్దంటున్నాడో బుధుకు తెలుసు, గూడెమంతటికీ తెలుసు. సుక్రు కూడా ఆ బంగళా పనికి కూలికి వెళ్ళినవాడే. ఆ గదుల్లో వెలుగు చూసి ముచ్చటపడి, ఇంటికొచ్చి పాత ఇంటి గోడకు కన్నం కొట్టాడు. దానికి వెదురుతడిక అడ్డుపెట్టి నారతాడుతో కట్టాడు. ఊరంతా వచ్చి చూసి వెళితే దేముడమ్మ మురిసిపోయింది. ఆ చలికాలంలోనే ఒక మునిమాపువేళ చిరుతపులి ఆ కన్నంలోంచి దూరి, గోడవార నిద్రపోతున్న వాళ్ళ పసివాడు సోంబరును ఎత్తుకుపోయింది. తాడు చివికి తెగిపోయిందనీ, తాను కట్టింది సరిగా లేదనీ సుక్రు అందరికీ చెప్పాడు. మర్నాడు రాళ్ళూ మట్టీ పెట్టి కన్నం మూసేశాడు. బంగళా సోకు పట్టి బిడ్డను పులికి పెట్టావని తల్లి సందు దొరికినప్పుడల్లా తిడుతూనే ఉంది. అతను ఎన్నడూ బదులు చెప్పలేదు. దేముడమ్మ తల వంచుకుని వినేది.

మధ్యాహ్నం ఆమె అంబలి కుండతో కొత్తింటి దగ్గరికి వెళ్ళింది. వెనకే వచ్చిన సోములమ్మ, కిటికీ వద్దనడం మంచిపని అని కొడుకుతో అంటోంది. దేముడమ్మ కుండ కింద పెట్టింది.

"కిటికీ ఉండాల," అంది. "కనక దగ్గు సూత్తన్నావు కదా. మొన్న వానల్లో ఊపిరందక నీలబడిపోనాది. దీన్ని పొగకి ఒగ్గీమంటావేటి?"

సుక్రు మట్టి తొక్కడం ఆపలేదు. "నాను పెట్టిన కన్నం ఒక బిడ్డని మింగీసినాది. నా సేత్తో ఇంకోటి పెట్టను."

"ఆ తాడు తెగిపోనేదు," అంది దేముడమ్మ. "నానే ఇప్పినాను."

సుక్రు కాళ్ళు ఆగిపోయాయి. ఆమె గోడ పట్టుకుని, నేల చూస్తూ చెప్పింది. ఆ వేళ కట్టెలు తడిసి ఉన్నాయి. పొగకు పసివాడు ఉక్కిరిబిక్కిరైపోతున్నాడని తడిక తీసింది. వాడు నిద్రపోయాక, వెంటనే వచ్చి మూసేద్దామనుకుని సామలు దంచడానికి బయటికెళ్ళి, పక్కింటివాళ్ళతో మాటల్లో పడిపోయింది.

"అందరూ నిన్ను తిడతా ఉంటే నోరు మూసుకుని కూకున్నాను. నీ మీద పడితే పడనీ అనుకున్నాను."

సుక్రు మెల్లగా అన్నాడు. "నాకు తెలుసు."

ఆమె తలెత్తింది.

"తాడు తెగనేదు. సుట్టబెట్టి గోడకి ఏలాడతంది. ఎవులూ సూడకముందే పొయ్యిలో ఏసీసినాను. నీ మీద పడితే నువ్వు బతకవని బయపడ్డాను."

"తెలిసీ ఒక్కమాట అడగనేదేటి?" దేముడమ్మ గోడ వదిలి అతని ముందుకు వచ్చింది. "అడుగుతావేమో, నాలుగు కొడతావేమోనని రోజూ ఎదురుసూసినాను."

"ఏటని అడగను? పొగొత్తే ఎవులైనా ఇప్పుతారు. బంగళా కిటికీలకి ఇనప ఊచలున్నాయి. నాను సూసినాను. మనకి తడిక సాల్లే అనుకున్నాను. ఊచల్నేకుండా కన్నం పెట్టినోడిని నానే కదా."

దేముడమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. సోములమ్మ కొడుకు మొహం చూడలేకపోయింది. ఇన్నాళ్ళూ తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మెల్లగా వచ్చి కోడలి పక్కన కూర్చుని, ఆ తలను తన ఒళ్ళోకి తీసుకుంది. సుక్రు మోచేత్తో కళ్ళు తుడుచుకుని, బుధు ఇంకా తీసుకెళ్ళకుండా పక్కనే పెట్టుకుని కూర్చున్న కిటికీల దగ్గరికి నడిచాడు. వెదురుతడికను పక్కకు పెట్టి, వేగిస కిటికీని లేవదీసి ఊచల మధ్య పిడికిలి దూర్చి చూశాడు. మణికట్టు దాకా పోయింది.

"ఇంకో రెండూచలు బిగించు బావా," అన్నాడు.

ఎక్కడ పెట్టాలో దేముడమ్మనే చూపించమన్నాడు. ఆమె లేచి, పిల్ల పడుకునే వైపు కాకుండా పొయ్యి వైపు లేస్తున్న గోడకు పైన, తన తలకన్నా ఎత్తున చెయ్యి చాపి చూపించింది. కింద నిలబడేందుకు మట్టితిన్నె ఒకటి వేస్తానన్నాడు సుక్రు.

గడ్డి కప్పు వేయడం పూర్తయ్యాక వాళ్ళు కొత్తింట్లో చేరారు. మొదటిరోజు సాయంత్రం పొయ్యి అంటించగానే పొగ లేచింది. దేముడమ్మ తిన్నె ఎక్కింది గానీ తలుపు మీద వేసిన చెయ్యి కదల్లేదు. సుక్రు వచ్చి పక్కన నిలబడ్డాడు, తాను మాత్రం తియ్యలేదు.

"నాను ఇక్కడే ఉన్నాను. తియ్యి," అన్నాడు.

ఆమె తీసింది. పొగ ఊచల మధ్యనుంచి సన్నగా వంగి కొండవాలు వైపు పోయింది. నాయనమ్మ ఒళ్ళో కనక ఒక్కసారి దగ్గి, సర్దుకుని పడుకుంది. దేముడమ్మ రెండు చేతులతో ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ "సోంబరూ" అంది. బిడ్డ పోయాక ఆ పేరు ఆ ఇంట్లో వినబడడం అదే మొదలు. సుక్రు ఆమె భుజం మీద తల ఆనించి, ఇన్నాళ్ళకు బిగ్గరగా ఏడ్చాడు.