లేనోని అంకె

కరీంనగర్‌లో ఎవరో కాంట్రాక్టరు కట్టించిన సైన్స్ మ్యూజియం అది. గుమ్మంలో సిమెంటు డైనోసారు, దాని నోట్లో పిచ్చుక గూడు. లోపల సగం మీటలు నొక్కినా పలకవు. పెద్దపల్లిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఇక్కడ నాకు చూసేదేముంటుంది? మా అమ్మాయి సృజన మారాం చేస్తే వచ్చాను. నా భార్య ఉమారాణి తన తండ్రి గట్టయ్యను కూడా వెంటబెట్టింది. అది రెండో శిక్ష.

మామ మందమర్రి గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వాడు. ఏ చీకటి చోటికి వెళ్లినా మనుషుల్ని లెక్కపెడతాడు. ఒక్కొక్కరూ తమ అంకె పలకాలి, బయటికొచ్చాక మళ్లీ పలకాలి. ఒకప్పుడు ఆయన జట్టులో ఐదుగురు దిగితే నలుగురే పైకొచ్చారట. ఐదోవాడు కైలాసం. శవం కూడా దొరకలేదు. వింటే జాలి కలగాలి, నాకు విసుగే వచ్చేది. ఈ తంతు వల్ల సినిమా హాల్లో రెండుసార్లు నా పరువు పోయింది.

మధ్యాహ్నం రెండు గంటల ఆటకు నక్షత్రశాలలోకి వెళ్లాం. గుండ్రటి కప్పు కింద మేం నలుగురమే. నాకు ఒక పక్క సృజన, రెండో పక్క ఖాళీ కుర్చీ. తలుపు మూశారు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఏసీ నీళ్లు ఎక్కడో టప్... టప్... మని పడుతున్నాయి.

"ఒకటి," అన్నాడు మామ.

"రెండు," అంది ఉమారాణి.

"మూడు," అంటూ సృజన కిలకిలా నవ్వింది.

"నాలుగు," అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. గొంతు బొంగురు చేసి, "ఐదు! కైలాసం గూడ వచ్చిండు మామా!" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

"ఎంత పని జేసినవ్ అల్లుడా..." అన్నాడు మామ. "లేనోని అంకె పలుకద్దు. పలికితే వాడు పైకొస్తడు. లెక్క నలుగురిదే... మనల ఒకలు లోపల్నే ఆగాల్సొస్తది."

"ఇగ ఆపు మామా," అని కసిరాను.

కప్పు మీద చుక్కలు వెలిగాయి. వ్యాఖ్యానం చెప్పే ఆవిడ శనిగ్రహం దగ్గర తప్పు చెప్పింది. నవ్వుకున్నాను. అప్పుడు వాసన తగిలింది. తడి బొగ్గు... పేల్చిన మందు... చెమట.

ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"పిలిచినవ్ గద..." చెవి దగ్గర గుసగుస. "మస్తు రోజులాయె... ఎవ్వలు పిలువలే."

తడి చెయ్యి నా మోకాలి మీదుగా సృజన వైపు పాకింది. భయమేసింది. ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. అది కూడా నన్ను పట్టుకుంది.

దీపాలు వెలిగాయి. నా అరచేతులు నల్లగా ఉన్నాయి. తెరిచిన తలుపు అవతల, మావాళ్లు అప్పటికే ఎండలో నిలబడ్డారు. వాళ్లతో నా చొక్కా వేసుకున్న మనిషి ఒకడు...

"ఒకటి."

"రెండు."

"మూడు."

నేను నోరు తెరిచేలోపే ఆ మనిషి నా గొంతుతో "నాలుగు" అన్నాడు.

"హమ్మయ్య, లెక్క కుదిరింది," అన్నాడు మామ. సృజన ఆ మనిషి చెయ్యి పట్టుకుంది.

"ఐదు!" అని అరిచాను. "ఐదు... ఐదు..." ఒక్కరూ తిరిగి చూడలేదు.

ఇక్కడ రోజుకు మూడు ఆటలు. శనిగ్రహం తప్పు ఇంకా దిద్దలేదు, దద్దమ్మలు.

ఇవాళ ఆ నలుగురూ మళ్లీ వచ్చారు. దీపాలు ఆరాయి. లెక్క నాలుగు దగ్గర ఆగింది. కాసేపటికి చీకట్లో సృజన ఒక్కతే, ఎవరికీ వినబడకుండా, "ఐదు... డాడీ," అంది.

ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. లెక్క నలుగురిదే. నేనింకా కూర్చోలేదు.